మంగళవారం సీసా

మా అత్తయ్యని వీధిలో అందరూ కత్తెరమ్మ అనేవారు. ఆ పేరు ఆవిడ చేతిని చూసి పెట్టారో, నోటిని విని పెట్టారో ఇప్పటికీ తేలలేదు. రెంటికీ పదునే. నేను కాపురానికి వచ్చిన రోజున గుమ్మంలోనే నా కోటు భుజం పట్టుకుని లాగి చూసి, "ఎవడమ్మా ఇది కుట్టింది? కళ్ళకి గంతలు కట్టుకుని కుట్టాడా?" అంది. నాకు దక్కిన స్వాగతం అదే. ఆ సాయంత్రమే కోటు విప్పించి, భుజాలు ఊడదీసి, మళ్ళీ కత్తిరించి ఇచ్చింది. ఇరవై ఏళ్ళు తొడుక్కున్నాను దాన్ని.

ఇంటి ముందుగదే మా దుకాణం. కిటికీ కింద ఆవిడ బల్ల. దాని మీద సుద్దముక్కలు, టేపు, మోచేయంత కత్తెర. ఆ కత్తెరని ఇంకెవరూ ముట్టుకోకూడదు, కన్నకొడుకైనా సరే. "దీంతో కాగితం కోశావు కదూ?" అని అంచు మీద బొటనవేలు ఆనించి చెప్పేసేది. మా ఆయన మిషను తొక్కేవాడు. నేను కాజాలు కుట్టి గుండీలు వేసేదాన్ని. కత్తిరించడం మాత్రం ఆవిడే.

ఆవిడ దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఒళ్ళు వంకరగా ఉన్నవాళ్ళు. సంచీ మోసి మోసి ఒక భుజం జారిపోయిన తపాలా మనిషి, గూని ఉన్నవాళ్ళు, ఒక కాలు పొట్టిగా ఉండి నడుము పక్కకి ఒరిగినవాళ్ళు. ఇంకో దుకాణంలో వాళ్ళకి కోటు కుడితే ఆ వంకర ఇంకా కొట్టొచ్చినట్టు కనబడేది. ఈవిడ ఒక చోట అస్తరు మందంగా వేసి, ఇంకో చోట అరంగుళం తగ్గించి, అద్దం ముందు నిలబెట్టేది. వాళ్ళు అద్దంలో చూసుకుని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. "ఏడవకండి, గుడ్డ మీద మరకలు పడతాయి" అనేది ఈ మహాతల్లి.

అలాంటి చేతులకి రోగం పట్టుకుంది. మొదట్లో పొద్దున్నే వేళ్ళు బిగుసుకునేవి, పది గంటలకి వదిలేవి. తర్వాత మధ్యాహ్నానికి గాని వదిలేవి కావు. తర్వాత అసలు వదల్లేదు. కణుపులు ఉబ్బి, వేళ్ళన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి. రెండేళ్ళలో కత్తెర తెరవలేని స్థితికి వచ్చింది. తల దువ్వడం, గుండీలు పెట్టడం, చెంచాతో తినిపించడం, స్నానం చేయించడం, అన్నీ నా నెత్తిన పడ్డాయి. చేయించుకుంటూ ఆవిడ నన్ను తిట్టేది, చేస్తూ నేను ఆవిడని విసుక్కునేదాన్ని. అత్తలేని కోడలుత్తమురాలు అని ఊరికే అన్నారా! ఒక్కోసారి సబ్బు నురగ కళ్ళలో పడేలా కావాలనే పోశాను. ఇప్పుడు చెప్పుకుంటే పోయేదేముంది.

మాత్రలన్నీ అయ్యాక, కీళ్ళ డాక్టరు ఒకరోజు బంగారం మాటెత్తాడు.

"బంగారమా?" అంది అత్తయ్య. "ఒంటి మీద పెట్టుకోడానికే లేదు, ఒంట్లోకి ఎక్కించుకోమంటారా?"

"నగల బంగారం కాదమ్మా ఇది. బంగారాన్ని గంధకం ఉన్న ఒక ఆమ్లంతో కలిపి, నీళ్ళలో కరిగే ఉప్పుగా చేస్తారు. దాన్ని కండలోకి సూదితో ఇస్తాం. వెనకటికి క్షయకి వాడేవారు. క్షయ తగ్గలేదు గాని, కీళ్ళవాపు ఉన్నవాళ్ళకి వాపు దిగింది. ఎలా దిగుతుందో ఇప్పటికీ మాకు పూర్తిగా తెలీదు."

"తెలీకుండానే ఇస్తారా?"

"పనిచేస్తుందని తెలుసు. ఏం పాడుచేస్తుందో కూడా తెలుసు" అన్నాడు. అతను నవ్వని మనిషి. వేళ్ళు మడుస్తూ చెప్పాడు. మొదటి వారం పది మిల్లీగ్రాములే, ఒళ్ళు ఓర్చుకుంటుందో లేదో చూడటానికి. ఆ తర్వాత వారానికి యాభై. మూడు నెలలదాకా తేడా ఏమీ కనబడదు, ఓపిక పట్టాలి. ఒళ్ళు దురద పెట్టినా, నోరు పూసినా, నోట్లో ఇనుము రుచి తగిలినా, చర్మం మీద నల్లమచ్చలు లేచినా వెంటనే చెప్పాలి. కొందరికి రక్తం దెబ్బతింటుంది, కొందరికి మూత్రపిండాలు. ఏళ్ళ తరబడి తీసుకున్నవాళ్ళకి ఎండ తగిలే చోట చర్మం నీలంగా, బూడిదరంగుగా మారిపోవడమూ ఉంది.

"బంగారం ఎక్కిస్తే బూడిదరంగు వస్తుందా! బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా డాక్టరుగారూ?"

"కోసుకోకుండా ఉండటానికే వారం వారం మూత్రం చూస్తాం. అందులో మాంసకృత్తు కనబడితే ఆపేస్తాం. ఆలస్యం చేస్తే కుదరదు. ఎందుకంటే ఇది ఒకసారి లోపలికి వెళ్ళాక తొందరగా బయటికి రాదు. సూది ఆపినా నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది." ఈ చివరి మాట నా వైపు చూసి అన్నాడు. ఇంట్లో కనిపెట్టుకుని ఉండేది నేనే కదా.

అలా మంగళవారాలు మొదలయ్యాయి. సూదిగది ఆస్పత్రి వెనకవైపు ఉండేది. గోడకి సగందాకా ఆకుపచ్చ రంగు, ఒక బల్ల, రెండు మంచాలు. అక్కడి నర్సు పొట్టి మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన. మందు బుడ్డీలని వెలుతురు తగలకుండా సొరుగులో నల్లకాగితం చుట్టి దాచేది. ఒక్కోటి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసేది. లేత పసుపు రంగులో ఉంటే సరే. ముదురు రంగు తిరిగిందా, నిమిషం ఆలోచించకుండా పారేసేది.

మందు ఎక్కించే ముందు మూత్రపరీక్ష. నలభై మందికి అక్కడున్నది ఒకటే మరుగుదొడ్డి కాబట్టి, పొద్దున వచ్చే మొదటి మూత్రం ఇంటి నుంచే సీసాలో పట్టి తెమ్మనేవారు. నర్సు దాన్ని గాజుగొట్టంలో పోసి, స్పిరిటు దీపం మీద పైభాగం కాచేది. ఒక చుక్క ఆమ్లం వేసేది. నీళ్ళలా తేటగా ఉంటే మంచిది. లోపల మాంసకృత్తు ఉంటే, ఉడికిన గుడ్డు తెల్లసొనలా తెల్లబడుతుందని చూపించి చెప్పింది. తేటగా ఉంటే సూది. సూది అయ్యాక అరగంట పడుకోబెట్టి, కళ్ళు తిరగడం లేదని చూసుకుని పంపించేది. నాలుగు వారాలకోసారి రక్తం తీసేవారు.

పది వారాలు ఏమీ లేదు. అత్తయ్య ఆ బంగారాన్ని, డాక్టరుని, నన్ను వరసపెట్టి తిట్టింది. పన్నెండో వారం, నేను వంటింట్లో ఉండగా, ముందుగదిలోంచి కరకరమని చప్పుడు వినిపించింది. పరుగున వెళ్ళి చూస్తే ఆవిడ బల్ల ముందు నిలబడి ఉంది. కత్తెర గుడ్డలోంచి ఆగకుండా సాగిపోతోంది. మా ఆయన మిషను ఆపేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు? పనుల్లేవా మీకు?" అంది. కత్తెర మాత్రం ఆపలేదు.

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ కోసం ఏడ్చాననుకోకండి. నా చేతులు నాకు తిరిగొచ్చాయని ఏడ్చాను. ఆ మర్నాడు ఆవిడే తల దువ్వుకుంది, ఆవిడే గుండీలు పెట్టుకుంది. రెండేళ్ళలో మొదటిసారి నేను వేడి టీ వేడిగా ఉండగానే తాగాను.

పదిహేనో వారం గొట్టంలో మబ్బు కనబడింది. పెద్దగా ఏమీ కాదు, గాజు మీద ఊదినంత. నర్సు దాన్ని కిటికీకి ఎత్తి చూసి, బుడ్డీని మళ్ళీ నల్లకాగితంలో చుట్టేసింది.

"ఈ వారం సూది లేదు. వచ్చే మంగళవారం తేటగా ఉంటే చూద్దాం. లేకపోతే డాక్టరు ఆపేస్తారు."

"పూర్తిగానా?" అంది అత్తయ్య.

"పూర్తిగానే."

దారిపొడుగునా ఆవిడ ఎవరినీ తిట్టలేదు. కత్తెరమ్మ తిట్టకపోతే భయం వేస్తుంది. ఆ వారమంతా పొద్దున్నే లేచి, వేళ్ళు ముడిచి, చాపి, ముడిచి, చాపి చూసుకుంది. "బిగుస్తున్నాయే అమ్మాయ్" అనేది. నాకైతే అలాగే ఉన్నట్టు కనిపించాయి. భయానికి కొలత ఏముంది!

తర్వాతి మంగళవారం స్నానాలగది దగ్గర నన్ను ఆపి, ఖాళీ సీసా నా చేతిలో పెట్టింది.

"నువ్వు పట్టివ్వు."

"నేనా? నాదెందుకు అత్తయ్యా?"

"ఎందుకో నీకు తెలీదూ? ఎర్రి మొహమా! ఆ మబ్బు నేను నీళ్ళు తక్కువ తాగడం వల్ల వచ్చింది. ఈ ఒక్కవారం నీది ఇవ్వు. వచ్చే వారానికి నాది తేటపడుతుంది."

"డాక్టరు ఏమన్నాడో మర్చిపోయారా?"

"డాక్టరు చేతులు బానే ఉన్నాయి కదే, ఎన్నయినా అంటాడు." గొంతు తగ్గించింది. "మళ్ళీ నీ చేత తినిపించుకోమంటావా నన్ను? తినిపిస్తావా నువ్వు?"

ఆ చివరి మాటకి నేను ఠక్కున జవాబు చెప్పలేకపోయాను. తినిపిస్తాను అని ఆ క్షణంలో అని ఉంటే ఈ కథ లేదు. నేను లోపలికి వెళ్ళి సీసా నింపాను.

గొట్టం తేటగా ఉంది. అద్దంలా ఉంది. నర్సు సంతోషపడి, "చూశారా, తగ్గిపోయింది" అంటూ యాభై మిల్లీగ్రాములూ ఎక్కించింది. నాకు భయం వేసింది. పాపం చేసినందుకు కాదు, అది అంత తేలిగ్గా జరిగిపోయినందుకు.

ఒక్కవారం అన్నది రెండయింది. రెండు నాలుగయ్యాయి. ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తడమే మానేశాం. మంగళవారం పొద్దున సీసా స్నానాలగది తలుపు పక్కన ఉండేది. నేను నింపి అక్కడే పెట్టేదాన్ని. ఆవిడ తీసుకుని చీటీ అంటించేది. చీటీ మీద ఆవిడ పేరు.

ఈలోగా బల్ల మీద పని పేరుకుంది. గూని ఉన్న ఒక పంతులుగారు వచ్చాడు. జీవితంలో మొదటిసారి బడిలో ఉద్యోగం దొరికిందట, పిల్లల ముందు నిలబడాలి. "వాళ్ళు పాఠం వినకుండా నా వీపు చూస్తారండీ" అన్నాడు. అత్తయ్య అతని చుట్టూ మూడుసార్లు తిరిగి, "చూడనివ్వను" అంది. ఆ కోటు అయ్యాక సూదులు ఆపేస్తానని నాకు మాటిచ్చింది. కోటు అయింది. తర్వాత తపాలా మనిషి తమ్ముడి కోటు వచ్చింది.

నోట్లో తాళంచెవి పెట్టుకున్నట్టుందని ఒకరోజు అత్తయ్య అంది. మర్నాడు ఆ మాట నేనెప్పుడన్నానంది. పొద్దున్నే మొహం ఉబ్బి ఉండేది, కళ్ళ కింద సంచుల్లా. చెప్పులు పట్టక మా ఆయనవి వేసుకుని తిరిగేది. రోజంతా నిలబడితే కాళ్ళు వాయవా అనేది. మరుగుదొడ్డిలో నురగ కనబడేది, సబ్బునీళ్ళు పారబోసినట్టు. రెండు చెంబులు పోసినా పోయేది కాదు.

నర్సుకి కళ్ళు లేవా అంటారేమో. ఉన్నాయి. "మొహం వాచినట్టుందేం?" అని అడిగింది కూడా. "నిద్ర లేదమ్మా" అంది అత్తయ్య. నర్సు ఇంకోసారి మొహం చూసింది, తర్వాత గొట్టం చూసింది. రక్తపరీక్షలోనూ కణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నర్సు గొట్టాన్నే నమ్మింది. నా మూత్రాన్ని నమ్మింది.

ఏడో సీసా ఇచ్చిన వారం, ఒక పొద్దున నేను హఠాత్తుగా ఆవిడ గదిలోకి వెళ్ళాను. మంచం అంచున కూర్చుని, కొలతల టేపు చీలమండ చుట్టూ వేసి చూసుకుంటోంది. నన్ను చూసి టేపు వదల్లేదు.

"రోజూ కొలుస్తున్నారా?"

"అలవాటు కదా."

"ఎంత పెరిగింది?"

"రెండంగుళాల పావు" అంది, ఎవరిదో నడుము కొలత చెప్పినట్టు. తర్వాత టేపు చుట్ట చుట్టుకుంటూ, "ఇంకో నాలుగు కోట్లున్నాయే" అంది.

తెలిసే చేస్తోంది! నాకు అంతవరకూ ఒక సాకు ఉండేది, ఆవిడకి తెలియదులే, నాకూ తెలియదులే అని. ఆ సాకు కూడా పోయింది. ఆ రోజంతా నేను వేసిన గుండీలన్నీ వంకరగా పడ్డాయి. మా ఆయనకి చెప్పేద్దామని రెండుసార్లు మిషను దగ్గరికి వెళ్ళాను. చెబితే ఏడు సీసాల గురించీ చెప్పాలి. దారం కావాలని అడిగి వెనక్కొచ్చాను.

అప్పటికి ఆవిడ రాత్రిళ్ళు మరుగుదొడ్డిదాకా నడవలేక, మంచం పక్కన బేసిను పెట్టుకునేది. మంగళవారం తెల్లారగానే నేను ఆ బేసిను తీసుకెళ్ళి, అందులోంచే సీసా నింపాను. తలుపు పక్కన ఎప్పటి చోటే పెట్టాను. ఆవిడ ఎప్పటిలాగే చీటీ అంటించింది.

సూదిగదిలో నర్సు గొట్టాన్ని దీపం మీద పెట్టింది. పెట్టీ పెట్టగానే పైభాగం తెల్లబడింది. మబ్బు కాదు, పేరుకుపోయింది. నర్సు గొట్టాన్ని వంచింది. లోపలున్నది కదల్లేదు.

అత్తయ్య ఆ గొట్టాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఓర్చుకునేదాన్ని.

"పోయిన వారం చుక్క లేదు. ఈ వారం ఇంత? ఒక్క వారంలో ఇలా కాదు" అంది నర్సు. మొహం పాలిపోయింది. "అమ్మా, ఇన్నాళ్ళూ తెచ్చింది ఎవరిది?"

నేను నోరు తెరిచాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళలో ఎంత బలం ఉందో!

"మా కోడలిది. దానికి తెలీదు పాపం. అది బేసినులో వదిలినదాన్ని నేనే దొంగతనంగా పట్టుకొచ్చాను. దాన్నేం అనకండి."

నర్సు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఆ రోజే పెద్దాస్పత్రిలో చేర్చారు. కీళ్ళ డాక్టరు వచ్చి కాళ్ళు నొక్కి చూశాడు. వేలు పెట్టిన చోట గుంట అలాగే ఉండిపోయింది. మొదటి మబ్బుకే ఆపి ఉంటే మూత్రపిండాలు మెల్లిగా కోలుకునేవని, చాలామందికి కోలుకుంటాయని చెప్పాడు. ఇప్పుడు ఒంట్లోంచి మాంసకృత్తు అంతా కారిపోయి, రక్తం చిక్కబడి, గడ్డకట్టే ప్రమాదం ఉందన్నాడు. మందులిస్తాం, చూద్దాం అన్నాడు.

"ఆ బంగారం బయటికి తీసేయలేరా?" అని మా ఆయన అడిగాడు.

"చెప్పానుగా. అది నెలల తరబడి లోపలే ఉంటుంది."

వింతేమిటంటే, ఒళ్ళంతా నీరు పట్టినా ఆ చేతులు మాత్రం బానే ఉన్నాయి. లోపలున్న బంగారం రెండు పనులూ ఒకేసారి చేస్తూ పోయింది. డాక్టరు వంగి గుండె వింటుంటే, అతని కోటు భుజం రెండు వేళ్ళతో పట్టి, "ఎడమది పావంగుళం కిందికి ఉంది బాబూ, ఇంటికి రా, సరిచేస్తా" అంది. ఆ మనిషి నవ్వడం అదే మొదటిసారి చూశాను. గది బయటికి వెళ్ళాక నవ్వు తీసేశాడు.

ఎనిమిదో రోజు మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "ఎందుకలా అబద్ధం చెప్పారు అత్తయ్యా?"

"అడిగింది నేను కదా."

"ఇచ్చింది నేను."

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "వాడికి మాత్రం చెప్పకు" అంది. "చెబితే నీతో ఉండలేడు. నువ్వు లేకుండానూ ఉండలేడు. వెధవ, ఉత్త మెతక." ఆయాసం తీర్చుకుంది. "సీసా మార్చావు కదూ మొన్న. మంచి పని చేశావు. ఒక నెల ముందు మార్చాల్సింది."

అందులో నిష్ఠూరం లేదు. కుట్టు తప్పిన చోట వేలు పెట్టి చూపించినట్టు చెప్పింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చాను. "దుప్పటి తడుస్తుందే" అంది.

మర్నాడు మధ్యాహ్నం, టీ తాగుతూ తాగుతూ, ఊపిరి అందడం లేదంది. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎక్కిందని తర్వాత చెప్పారు. డాక్టరు వచ్చేలోపే అయిపోయింది. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు.

నెల తర్వాత మా ఆయన దుకాణం తెరిచాడు. మిషను ముందు కూర్చున్నాడు గాని తొక్కలేదు. బల్ల మీద ఆవిడ కత్తిరించి పెట్టిన నాలుగు కోట్ల ముక్కలున్నాయి, సుద్దగీతలు చెరగకుండా. నేను కాజాల దారం సూదికి ఎక్కిస్తున్నాను.

"అమ్మ నిన్ను కూడా మోసం చేసింది" అన్నాడు, నా వైపు చూడకుండా. "నీకు తెలిసుంటే ఆపేదానివి కదూ?"

"ఆపేదాన్ని" అన్నాను.